రాతికి పెట్టిన జాతి పేరు

వీరపునాయునిపల్లెకు దక్షిణాన, వేంపల్లె నుంచి తుమ్మలపల్లె వైపు సాగే కొండల్లో బూడిదరంగు డోలమైట్ రాయి కనిపిస్తుంది. ఎండావానలకు అరిగిన చోట దగ్గరగా చూస్తే, అడ్డంగా కోసిన ఎర్రగడ్డలాగా వంపు తిరిగిన సన్నని పొరలు తేలివుంటాయి. ఇవే స్ట్రోమటోలైట్లు. వీటి పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొరబడిన పులివెందుల అగ్నిశిల వయసే సుమారు 188 కోట్ల ఏళ్లు. ఇవి అంతకన్నా పాతవి.

వీటిని కట్టింది సూక్ష్మజీవులు. లోతులేని సముద్రపు అడుగున సయనోబాక్టీరియా జిగురుపొరగా పరుచుకునేది. దానికి మట్టి అంటుకునేది, సున్నం పేరుకునేది. వెలుతురు కోసం జీవులు పైకి పాకి కొత్త పొర వేసేవి.

తగువు పేరు దగ్గర వచ్చింది. 1883లో జేమ్స్ హాల్ అమెరికాలో దొరికిన ఇలాంటి రాతికి, జీవికి పెట్టినట్టే, క్రిప్టోజోవన్ అని ప్రజాతి పేరు పెట్టాడు. తర్వాత కొలీనియా, కోనోఫైటాన్ వచ్చాయి. రష్యా శాస్త్రవేత్తలు ఈ 'జాతుల'ను బట్టే రాళ్ల వయసు అంచనా వేశారు. 1964లో లోగన్, రెజాక్, గిన్స్‌బర్గ్ వేరే దారి పట్టారు. ఇది ఒక జీవి శరీరం కాదు, ఎన్నో జీవులూ అలలూ మట్టీ కలిసి చేసిన కట్టడం; ఆకారాన్ని వర్ణిస్తే చాలన్నారు. ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో స్ట్రోమటోలైట్లు నేటికీ పెరుగుతున్నాయి. అక్కడ నీటిలోతు, అలల తాకిడి మారితే ఆకారమూ మారుతుంది.

పోనీ, ఆ బాక్టీరియానైనా జాతులుగా విడదీయగలమా? తమలో తాము జతకట్టి సంతానం కంటూ, ఇతర గుంపులతో కలవనిదే జాతి అని 1942లో ఎర్నెస్ట్ మేయర్ నిర్వచించాడు. బాక్టీరియా జతకట్టదు, రెండుగా చీలుతుంది. పైగా దూరపు రకాలతోనూ జన్యువులు మార్చుకుంటుంది. వంశాన్ని బట్టి తేల్చాలంటే డీఎన్‌ఏ కావాలి. ఇంత పాత రాతిలో అది మిగలదు. 1997లో రిచర్డ్ మేడెన్ లెక్కతీస్తే జాతికి 20కి పైగా నిర్వచనాలు తేలాయి.

జాతి అంటే లక్షణాల చిట్టా కాదు, ఒకసారి పుట్టి, కొంతకాలం సాగి, అంతరించే వంశమని 1970లలో జీవశాస్త్రవేత్త మైకేల్ గిసెలిన్, తత్వవేత్త డేవిడ్ హల్ వాదించారు. ఆ గీటురాయి మీద కొలీనియా నిలవదు. ఒకే ఆకారాన్ని వేర్వేరు కాలాల్లో వేర్వేరు జీవులు కట్టగలవు. అలాగని ఆ పేరు దండగ కాదు. రాతిపొరలను పోల్చుకునే వారికి ఆకారం చాలు, పరిణామ చరిత్ర రాసేవారికి వంశం కావాలి. కాబట్టి ఎవరైనా 'ఇది ఫలానా జాతి' అన్నప్పుడు, ఒప్పుకునే ముందు 'దేన్నిబట్టి?' అని అడగాలి.