యూరియా బస్తాకు చవక లోహముల సాయము

మీరు పైపాటుగా చల్లు 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని యుండును. అది గాలిలోనిదే. దానిని ఎరువుగా మార్చుటకు ఉదజని, అనగా హైడ్రోజన్, బస్తాకు సుమారు నాలుగున్నర కిలోలు కావలెను. మన కర్మాగారములు దీనిని సహజవాయువు నుండి తీయుచున్నవి. ఆ వాయువులో చాలభాగము విదేశములనుండి వచ్చును. అక్కడ ధర పెరిగిన, భారము మనపై పడును.

వేరొక దారి గలదు. నీటిలో విద్యుత్తు పంపిన ఉదజని విడివడును. 1961లో ప్రారంభమైన పంజాబులోని నంగల్ కర్మాగారము భాక్రా విద్యుత్తుతో ఇట్లే ఎరువు చేసినది. ఒక బస్తాకు 40 లీటర్ల నీరు చాలును; కాని సుమారు 220 యూనిట్ల విద్యుత్తు కావలెను. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

ఈ ఖర్చును తగ్గించునవి ఉత్ప్రేరకములు. ఏతము తోడువానికి గట్టు ఎత్తు తగ్గిన శ్రమ తగ్గును గదా! ఉత్ప్రేరకము పనియు అట్టిదే. తాను మాత్రము ఖర్చు గాదు. కొన్ని యంత్రములలో ప్లాటినం, ఇరీడియం వాడుదురు. ఇరీడియం ప్రపంచమంతటను ఏటికి ఏడెనిమిది టన్నులే లభించును. దానిని నమ్మి దేశమునకెల్ల ఎరువు చేయజాలము. క్షారజలముతో నడుచు యంత్రములకు నికెల్, ఇనుము చాలును. శాస్త్రజ్ఞులు వీనినే మెరుగుపరచుచున్నారు.

ఇట్టి మార్పు పూర్వమొకసారి జరిగినది. 1909లో జర్మనీలో హేబర్ అరుదైన ఆస్మియంతో అమ్మోనియా చేసెను. పిమ్మట మిట్టాష్ వేలకొలది పరీక్షలు జరిపి ఇనుమునే తగినదిగా తేల్చెను. 1913లో కర్మాగారము నడచినది ఆ ఇనుముతోనే.

లోపములును గలవు. సూర్యవిద్యుత్తు వచ్చుచు పోవుచు నుండిన ఈ పలకలు త్వరగా చెడును. యూరియాకు బొగ్గుపులుసు వాయువును వేరుగా సమకూర్చవలెను. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో హరిత ఉదజని కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది.

ఈ లోహములు పొలములో చల్లునవి కావు. వీని పేర ఎవరైన మందు అమ్మజూపిన కొనకుడని గ్రామోద్యోగులు తెలియజెప్పవలెను. మీ చేతిలో నున్నది పొదుపు. భూసార పరీక్ష చేయించుడు. జీలుగ, పిల్లిపెసర కలియదున్నుడు. యూరియాను దఫదఫాలుగా వేయుడు. ఒక బస్తా మిగిల్చిన, 220 యూనిట్లకు తక్కువగాని శక్తిని మీరే మిగిల్చినవారగుదురు.