చేపకి పిల్లలు పుట్టకుండా చేస్తే లాభం ఏరుకా, కంపెనీకా?

ఈరోజు టాపిక్ పిల్లలు పుట్టని చేపలు. అంటే తింటాయి, పెరుగుతాయి, బరువు వస్తాయి, గుడ్లు మాత్రం పెట్టవు. స్టెరైల్ ఫిష్ అంటారు. తెలుగులో దీనికి ‘గొడ్డు’ అనే మాట ఉంది. ఆ మాటతో మన ఊళ్ళల్లో ఆడవాళ్ళని ఎంత ఏడిపించారో మీకు తెలుసు, అందుకే నేను వాడను. స్టెరైల్ అనే అందాం.

ఫస్ట్ వచ్చే డౌట్ ఏంటంటే, చేప పిల్లలు పెడితేనే కదా రైతుకి లాభం? కాదు. మన చెరువుల్లో వేసే బొచ్చె, రోహు అసలు ఆ నిలవ నీటిలో గుడ్లే పెట్టవు. వాటికి వానాకాలం పారే ఏరు కావాలి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్ట్ చేసి వాటితో గుడ్లు పెట్టించారు. ఇప్పటికీ ఆ రోజునే జాతీయ చేపల రైతుల దినోత్సవం చేస్తారు. అప్పట్నుంచి పిల్ల హేచరీలో పుడుతుంది, చెరువులో పెరుగుతుంది. ఇక్కడ గొడవేం లేదు.

గొడవంతా తిలాపియాతో. కొన్ని చోట్ల జిలేబి చేప అంటారు. ఇది రెండు మూడు నెలలకే గుడ్లు పెట్టేస్తుంది. తల్లి ఆ గుడ్లని నోట్లో పెట్టుకుని కాపాడుతుంది, కాబట్టి పిల్లలు బాగా బతుకుతాయి. మీరు వెయ్యి పిల్లలు వేస్తే కొన్ని నెలలకి చెరువు నిండా బొటనవేలంత చేపలు ఉంటాయి. మేత వాటికే సరిపోతుంది. అమ్మకానికి పనికొచ్చే సైజు ఒక్కటీ రాదు.

ఇండియాకి మొజాంబిక్ తిలాపియాని 1952లో తెచ్చారు. 1959కల్లా దీన్ని ఇంక పెంచొద్దు అన్నారు. ఏడేళ్ళు! కానీ చేప ఆర్డర్లు చదవదు కదా, అప్పటికే చెరువుల్లోంచి ఏర్లలోకి పోయింది. తర్వాత వేరే జాతి వచ్చింది. గిఫ్ట్ తిలాపియా, నైలు తిలాపియాలో బాగా పెరిగే వాటిని తరతరాలుగా ఎంపిక చేసి తయారు చేసినది. మన రాష్ట్రంలోనే, విజయవాడ దగ్గర మాణికొండలో రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ వాళ్ళు దాని పిల్లని ఉత్పత్తి చేస్తున్నారు. కేంద్రం పెట్టిన రూల్ ఏంటంటే, పెంచితే అన్నీ మగవైనా ఉండాలి, స్టెరైల్ అయినా ఉండాలి.

ఆ ‘అయినా’ దగ్గర ఆగండి. నా కంప్లైంట్ అక్కడే ఉంది.

ఆచరణలో జరిగేది మొదటిది, అన్నీ మగవి. చిన్న పిల్లలకి మూడు నాలుగు వారాలు మేతలో మిథైల్ టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ కలిపి పెడతారు, ఆడ కావాల్సినవి కూడా మగవి అయిపోతాయి. చెరువు లోపల ఇది సూపర్ సొల్యూషన్. జత లేదు, పిల్లలు లేవు, చేప పెరుగుతుంది.

ఇప్పుడు మా జిల్లాల మ్యాప్ చూడండి. నాగావళి, వంశధార, మహేంద్రతనయ, చంపావతి. ఒడిశా కొండల్లో వాన పడితే రాత్రికి రాత్రి మా దగ్గర ఏరు పొంగుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస పక్కన తీరం దాటింది. వంశధార ఎలా పొంగిందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. అలాంటి రాత్రి చెరువు గట్టు తెగితే చేపలు ముందు గెడ్డలోకి, అక్కణ్ణుంచి ఏట్లోకి పోతాయి. ఆ ఏట్లో పాత మొజాంబిక్ ఆడ తిలాపియా ఆల్రెడీ ఉంటే? రెండు జాతులూ జతకడతాయి. మగ చేప స్టెరైల్ కాదు, దానికి జత దొరకలేదు అంతే. కాబట్టి ‘అన్నీ మగవి’ చెరువు వరకే తాళం. వరద వచ్చే ఊరికి కావాల్సింది రెండోది, నిజంగా స్టెరైల్ చేప.

అది ఎలా చేస్తారు? పాత పద్ధతి ట్రిప్లాయిడ్. మామూలు జీవికి క్రోమోజోమ్‌లు రెండు సెట్లు. నైలు తిలాపియాకి మొత్తం 44. గుడ్డు ఫలదీకరణ అయిన కొన్ని నిమిషాల్లో వేడి నీటి షాక్ గానీ, గట్టి ప్రెషర్ గానీ ఇస్తే గుడ్డు బయటికి పారేయాల్సిన ఒక సెట్ లోపలే ఉండిపోతుంది. మూడు సెట్లు అవుతాయి, అంటే 66. మూడుని రెండు సమాన భాగాలు చెయ్యలేం కదా, అందుకే పనికొచ్చే గుడ్లు, వీర్యం తయారవ్వవు. గింజల్లేని పుచ్చకాయ కూడా ఇదే లెక్క. బయటి జీన్ ఏదీ పెట్టలేదు.

అమెరికాలో గడ్డి చేపకి చాలా రాష్ట్రాలు ఇదే అడుగుతాయి. చెరువులో నాచు, గడ్డి తినడానికి వేసుకో, కానీ ట్రిప్లాయిడే వెయ్యి అంటాయి. అక్కడ పిల్లని అమ్మేవాళ్ళు ఒక్కొక్క చేపకి రక్తపరీక్ష చేస్తారు. ఎందుకంటే షాక్ అన్ని గుడ్లకీ సమానంగా పట్టదు. 2015లో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్న జీన్ మార్పిడి సాల్మన్‌కి కూడా కనీసం 95 శాతం ట్రిప్లాయిడ్ ఉంటే చాలన్నారు. ఆ మిగతా 5 గురించి భయపడే దాన్ని సముద్రంలో కాకుండా నేల మీద ట్యాంకుల్లో, అన్నీ ఆడవే పెంచారు. ఒక తాళం మీద ఇంకో తాళం. ఆ కంపెనీ 2024 చివర్లో చేపల పెంపకమే ఆపేసింది, అది వేరే కథ.

కొత్త పద్ధతి క్రిస్పర్. చేప పిండంలో ‘డెడ్ ఎండ్’ అనే జీన్ ఉంటుంది (పేరు నేను పెట్టలేదు!). అది పని చెయ్యకపోతే గుడ్లు, వీర్యం తయారు చేసే కణాలు బతకవు. నార్వే శాస్త్రవేత్తలు సాల్మన్‌లో దాన్ని కట్ చేసి చూపించారు, 2016లో పేపర్ వచ్చింది. మరి స్టెరైల్ చేప నుంచి తర్వాతి తరం ఎలా? గుడ్డు దశలోనే ఆ జీన్ చేసే పనికి కావాల్సిన ఆర్‌ఎన్‌ఏని బయట నుంచి ఇంజెక్ట్ చేస్తే ఆ కణాలు బతుకుతాయి. ఆ చేప పెద్దదై పిల్లలు పెడుతుంది, ఆ పిల్లలు స్టెరైల్ అవుతాయి.

నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినోణ్ణి, నాకిది చూడగానే లైసెన్స్ కీ గుర్తొచ్చింది. కీ ఉన్నవాడి దగ్గరే తల్లి చేపలు ఉంటాయి. రైతుకి వచ్చేది ఒక్క పంటకి పనికొచ్చే కాపీ.

ఇది ఊహ కాదు, రొయ్యల్లో సగం చూసేశాం. భోగాపురం, పూసపాటిరేగ తీరంలో హేచరీలు చూసే ఉంటారు. వనామీ పెంపకానికి 2009లో అనుమతి వచ్చినప్పట్నుంచీ వాటికి తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికా నుంచి విమానంలో చెన్నై వస్తాయి, అక్కడ క్వారంటైన్ అయ్యాక ఇక్కడికి వస్తాయి. రైతు చెరువులో పెరిగిన రొయ్యని తల్లిగా పెడితే జబ్బులు, బలహీనమైన పిల్ల. అయినా ఎవరో ఒకరు అలా చేస్తూనే ఉన్నారు. స్టెరైల్ అయితే ఆ అవకాశం కూడా ఉండదు. నాసిరకం సీడ్ ఆగుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ ఏడు రేటు పెంచితే రైతు ఎక్కడికి వెళ్తాడు?

అందుకే నా ఓటు స్టెరైల్ చేపకే గానీ, తల్లి చేపలు మాణికొండ లాంటి ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటేనే. ట్రిప్లాయిడ్‌కి పెద్ద పేటెంట్ అవసరం లేదు, కావాల్సింది ప్రతి బ్యాచ్‌కీ టెస్టింగ్. అది ఖర్చుతో పని, అయినా తెగిన గట్టు కన్నా చవకే.

ఇండియాలో క్రిస్పర్ చేప సంగతేంటి అంటే, ల్యాబ్ వరకు ఉంది. భువనేశ్వర్‌లోని సిఫా వాళ్ళు 2016లోనే రోహులో ఒక రోగనిరోధక జీన్‌ని ఎడిట్ చేశారు. స్టెరైల్ కోసం కాదు, జబ్బుల మీద పరిశోధన కోసం. 2022లో కేంద్రం జీన్ ఎడిటింగ్ రూల్స్ కొంత సడలించింది, కానీ మొక్కలకి మాత్రమే. ఆ దారిలోనే 2025 మేలో హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ తయారు చేసిన కమల వరిని ప్రకటించారు. చేపకి ఆ సడలింపు లేదు. వరి మడిలో నిలబడుతుంది, చేప ఈదుకుంటూ పోతుంది, కాబట్టి ఆ తేడా నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

ఈలోగా ఎవరైనా తిలాపియా వెయ్యాలనుకుంటే ముందు మత్స్యశాఖలో రిజిస్టర్ చేసుకోండి. నీరు బయటికి పోయే తూముకి గుడ్డు కూడా దాటని వల కట్టడం రూల్‌లోనే ఉంది. పిల్ల అమ్మేవాణ్ణి నూటికి ఎన్ని మగవి అని అడగండి, కాయితం మీద రాయించుకోండి. సరే మరి, ఉంటానండీ.