రాత్రి ఏడుపు మొండితనం కాదు

పలాస: పగలంతా జీడిపరిశ్రమలో పనిచేసి వచ్చిన తల్లికి రాత్రి నిద్ర లేకపోతే మరునాటి కూలికే ఎసరు. అందుకే బిడ్డ గుక్కపెట్టగానే దిష్టి తీయడం, గ్రైప్‌వాటర్ పట్టడం పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల్లో నేటికీ కనిపిస్తుంది. అసలు కారణం వేరు. నవజాత శిశువు రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రిస్తుంది. కానీ పొట్ట చిన్నది. రెండు, మూడు గంటలకోసారి పాలకు లేవక తప్పదు. రేయింబవళ్ల తేడా ఒంటికి పట్టడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అంతవరకు ఏడ్చిన వెంటనే ఎత్తుకోవాలి. ఎత్తుకుంటే చెడిపోతుందన్నది అపోహే. ఆరు నెలల వరకు తల్లిపాలే చాలు, మండువేసవిలోనూ నీళ్లు అక్కర్లేదు.

కాసేపు ఏడ్వనిచ్చి, మధ్యమధ్య ఊరడిస్తూ నిద్ర అలవాటు చేసే పద్ధతిని అమెరికా వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ 1985లో పుస్తకంగా వెలువరించారు. ఆస్ట్రేలియాలో ఏడు నెలల వయసులో నిద్ర సమస్యలున్న 326 మందిపై జరిపిన ఇటువంటి అధ్యయనంలో ఆరేళ్ల వయసు నాటికి హాని కనిపించలేదని 2012లో వెల్లడైంది. అయితే అది ఆరు నెలలు దాటిన వారి సంగతి. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకునే మన ఇళ్లలో రోజూ ఒకే వేళకు దీపం తగ్గించి, మత్తు కమ్ముతుండగా వెల్లకిలా పడుకోబెట్టడం మేలు.

మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, పాలు మానేసినా తెల్లవారే దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.