చేను రెండు ముక్కల్లో పడితే: ఉపగ్రహ చిత్రాలపై అపోహలు – వాస్తవాలు

చిలకలూరిపేట చుట్టూ ఈ ఏడు పత్తి ఎంత వేశారు, మిర్చి ఎంత వేశారు అన్న లెక్కను ఉపగ్రహ చిత్రం నుంచి తీయడం ఇవాళ కొత్త సంగతేమీ కాదు. ఐరోపా అంతరిక్ష సంస్థ సెంటినెల్-2 చిత్రాలు ఉచితంగా దొరుకుతున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తన భూనిధి పోర్టల్‌లో మన రిసోర్స్‌శాట్ చిత్రాలు ఇస్తోంది. ఇంజినీరింగ్ విద్యార్థి కూడా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నాదెండ్ల మండలం పంటల పటం గీయగలడు. ఆ పనిలో అందరూ తేలిగ్గా తీసుకునే మెట్టు ఒకటుంది: పెద్ద చిత్రాన్ని చిన్న ముక్కలుగా, అంటే టైల్స్‌గా కోయడం. లెక్క తప్పేది చాలాసార్లు ఇక్కడే. ఆ తప్పు చివరికి ఎకరం, రెండెకరాల రైతు మీద పడుతుంది. అందుకే ఈ కోత గురించి చెలామణిలో ఉన్న మాటలను కాస్త గట్టిగానే పరిశీలించాలి.

అపోహ: కోస్తే చిత్రం నాణ్యత పడిపోతుంది.

పడిపోదు. కోత వల్ల పిక్సెళ్లు వేరువేరు ఫైళ్లలోకి వెళ్తాయి, అంతే. ఒక్కో పిక్సెల్‌లో ఉన్న విలువ చెక్కు చెదరదు. చెడగొట్టేవి కోతతో పాటు తెలియకుండా చేసే మిగతా పనులు. 16 బిట్ల చిత్రాన్ని జేపెగ్‌గా మార్చి దాచడం వాటిలో ఒకటి. రెండోది రీశాంప్లింగ్, అంటే పిక్సెళ్ల కొలత మార్చడం. పంటల పటంలో పత్తికి 1, పొగాకుకు 2, మిర్చికి 3 అని సంఖ్యలు పెట్టుకున్నారనుకోండి. ఆ పటాన్ని మరో కొలతలోకి మార్చేటప్పుడు పక్క పిక్సెళ్ల సగటు తీసే పద్ధతి ఎంచుకుంటే పత్తి 1, మిర్చి 3 కలిసి 2 అవుతాయి. పత్తి చేనుకూ మిర్చి తోటకూ మధ్య గట్టు మీద ఎవరూ నాటని పొగాకు మొలుస్తుంది! పంట సంకేతాలున్న పటానికి అతి దగ్గరి పిక్సెల్ విలువనే ఉన్నదున్నట్టు తీసుకునే పద్ధతి వాడాలి.

అపోహ: కంప్యూటర్‌కు శక్తి చాలకే ఈ ముక్కల గొడవ. మంచి మెషిన్ కొంటే అవసరం లేదు.

సగం నిజం. సెంటినెల్-2 చిత్రం ఒక్కోటి 10,980 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు. అంటే 12 కోట్లకు పైగా పిక్సెళ్లు. 10 మీటర్ల బ్యాండ్లు (వేర్వేరు కాంతి పొరలు) నాలుగూ తెరిస్తే మెమరీలో దాదాపు ఒక జీబీ, దశాంశ సంఖ్యలుగా మారిస్తే రెండు జీబీలు. ఇక పంటలను గుర్తించే న్యూరల్ నెట్‌వర్క్ లోపల పుట్టే మధ్యంతర లెక్కలకు దానికి ఎన్నో రెట్లు కావాలి. ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉన్నా 256 లేదా 512 పిక్సెళ్ల ముక్కలే ఇవ్వడం ఆనవాయితీ.

కానీ ముక్కలు కంప్యూటర్లతో పుట్టలేదు. అసలు మన చేతికి వచ్చే సెంటినెల్ చిత్రమే ఒక ముక్క. ఉపగ్రహం 290 కిలోమీటర్ల వెడల్పు పట్టీగా తీసినదాన్ని సుమారు 110 కిలోమీటర్ల చదరాలుగా కోసి ఇస్తారు. అంతకు చాలా ముందే సర్వే ఆఫ్ ఇండియా దేశాన్ని షీట్లుగా కోసింది. చిలకలూరిపేటకు దక్షిణంగా పది కిలోమీటర్ల లోపే 16 డిగ్రీల అక్షాంశం, పడమర సుమారు 18 కిలోమీటర్ల దూరంలో 80 డిగ్రీల రేఖాంశం వెళ్తాయి. అవి కలిసే చోట పాత పద్ధతి షీట్లు 56, 57, 65, 66 నాలుగూ మూలకు మూల తగులుతాయి. పేట, మార్టూరు, సంతమాగులూరు ఒక్కచోట చూడాలంటే వేర్వేరు షీట్లు పక్కపక్కన పరచక తప్పదు.

అపోహ: ముక్క చిన్నదైతే చిన్న పొలం మరింత స్పష్టంగా తెలుస్తుంది.

ముక్క సైజుకూ స్పష్టతకూ సంబంధం లేదు. 10 మీటర్ల పిక్సెల్ అంటే సుమారు రెండున్నర సెంట్ల నేల. ముక్క 256 అయినా 1,024 అయినా ఎకరం చేనుకు వచ్చేది దాదాపు 40 పిక్సెళ్లే. అందులోనూ చుట్టూ గట్టు వెంబడి ఉన్నవి పక్క చేనుతో కలగలిసిపోతాయి. మచ్చ లేనివి సగం మిగిలితే అదృష్టం. పైగా ముక్కను మరీ చిన్నది చేస్తే నెట్‌వర్క్‌కు చుట్టుపక్కల సందర్భం అందదు. మెరిసే పెద్ద కప్పు ఒంటరిగా కనిపిస్తే ఏమిటో తేలదు, పక్కన జాతీయ రహదారి, ఆవరణ కనిపిస్తే అది స్పిన్నింగ్ మిల్లని తెలుస్తుంది.

అపోహ: ముక్కలను విడివిడిగా విశ్లేషించి మళ్లీ అతికిస్తే సరిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. మిర్చి తోట ఒకటి సరిగ్గా కోత గీత మీద పడిందనుకోండి. ఎడమ ముక్కకు దాని పడమటి సగం, కుడి ముక్కకు తూర్పు సగం వెళ్తాయి. నెట్‌వర్క్ ఏ పిక్సెల్‌ను గుర్తించాలన్నా చుట్టూ ఉన్నవాటిని చూస్తుంది. అంచు పిక్సెల్‌కు ఒక పక్క చూడటానికి ఏమీ ఉండదు, సాధారణంగా అక్కడ సున్నాలు పెడతారు. సున్నా అంటే కటిక నలుపు. తోట పక్కనే చెరువో, నీడో ఉన్నట్టు భ్రమపడి ఒక సగాన్ని మిర్చి అని, రెండో సగాన్ని పత్తి అని చెప్పగలదు. అతికించిన పటంలో ఆ గీత తిన్నగా, కొలబద్ద పెట్టి గీసినట్టు కనబడుతుంది. మన పొలం గట్లు ఏవీ అంత తిన్నగా మైళ్ల దూరం పోవు. అలాంటి గీత కనిపిస్తే తప్పు నేలలో లేదు, కోతలో ఉంది.

దీనికి మందు 2015లోనే వచ్చింది. జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం వారు యూ-నెట్ అనే నెట్‌వర్క్‌ను సూక్ష్మదర్శిని చిత్రాల కోసం తయారుచేశారు. అందులో 572 పిక్సెళ్ల ముక్క ఇచ్చి, మధ్యలోని 388 పిక్సెళ్లకే జవాబు తీసుకున్నారు. అంచు సందర్భానికి, నడుమ ఫలితానికి. మన పంటల పటానికీ అదే దారి: 512 ముక్కలు ఒకదానిపై ఒకటి ఎక్కేలా కోసి, నాలుగు వైపులా 64 పిక్సెళ్లు వదిలేసి మధ్యలోని 384 ఉంచుకోవాలి. ఒక చిత్రానికి 484 ముక్కలకు బదులు 841 అవుతాయి. సమయం ఎక్కువే పడుతుంది. ఆ ఖర్చు భరించాల్సిందే.

ఇంకో పొరపాటు కూడా ఇక్కడే జరుగుతుంది. ఒక్కో ముక్కకు విడిగా వెలుగు సవరిస్తే కొండవీడు కొండలున్న ముక్కలో పత్తి ఒక రంగు, మైదానంలో మరో రంగు తేలుతుంది. సవరణ చిత్రం మొత్తానికి ఒకే కొలతతో జరగాలి.

అపోహ: ఫోన్ మ్యాప్‌లో ముక్కలు సిద్ధంగానే ఉన్నాయి, వాటితోనే ఎకరాలు కట్టొచ్చు.

ఆ 256 పిక్సెళ్ల ముక్కలు చూడటానికి చేసినవి, కొలవడానికి కాదు. పంటను పట్టించే పరారుణ బ్యాండ్ వాటిలో లేదు. పక్కపక్క ముక్కలు వేర్వేరు తేదీలవి కావచ్చు. పైగా ఆ మ్యాప్‌లు వాడే వెబ్ మెర్కేటర్ పటం భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ నేలను సాగదీస్తుంది. మన 16 డిగ్రీల దగ్గర పొడవు 4 శాతం, విస్తీర్ణం 8 శాతం ఎక్కువ వస్తాయి. పిక్సెళ్లు లెక్కపెట్టి ఎకరాలు కడితే 100 ఎకరాలు 108 అవుతాయి. సెంటినెల్ వాడే, భూమిని నిలువు జోన్లుగా విడగొట్టే యూటీఎం పటంలో ఈ బాధ లేదు. పల్నాడు జిల్లా మొత్తం 44వ జోన్‌లోకే వస్తుంది. శ్రీకాకుళం వారికి మాత్రం తిప్పలే, పలాస, ఇచ్ఛాపురం 45లో పడతాయి.

అపోహ: ముక్కలను కలగలిపేసి, కొన్ని నెట్‌వర్క్‌కు నేర్పడానికి, కొన్ని పరీక్షకు తీస్తే అది నిజాయితీ పరీక్ష.

ఒకే చేను సగం శిక్షణలో, మిగతా సగం పరీక్షలో ఉంటే అది పరీక్ష కాదు. మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి, మాచర్ల వైపు తీసుకెళ్తే నేల మారి నెట్‌వర్క్ తడబడుతుంది. మండలాల వారీగా విడదీయాలి. నాదెండ్ల, యడ్లపాడు ముక్కలతో నేర్పి, అది ఎన్నడూ చూడని గురజాల ముక్కలతో పరీక్షించాలి.

అపోహ: ఇచ్చిన ముక్కల ఎకరాలన్నీ కూడితే మొత్తం వస్తుంది.

సెంటినెల్ ముక్కలు ఒకదానిపై ఒకటి పది కిలోమీటర్ల దాకా ఎక్కి ఉంటాయి. 44వ జోన్‌లో అలాంటి ఒక పట్టీ సరిగ్గా పేటకు పడమటి పొలాల మీదుగా ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తుంది. అక్కడి చేలు తూర్పు ముక్కలోనూ ఉంటాయి, పడమటి ముక్కలోనూ ఉంటాయి. రెండింటి లెక్కా కూడితే ఒకే పత్తి రెండుసార్లు పండినట్టు. ముందు ముక్కలను కలిపి ఒకే చిత్రం చేసుకోవాలి. ఒక్కో పిక్సెల్ ఒక్కసారే మిగిలిందని చూసుకుని, మండల సరిహద్దుతో కత్తిరించి, ఆ తర్వాతే ఎకరాలు కూడాలి.