సవతి తల్లి జీతం, మారుతండ్రి సంపాదన: బిడ్డల నఫఖా ఎవరి బాధ్యత?

చిత్తూరు, ఐరాల ప్రాంతాల్లో తగాదా ముదిరితే "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని నిలదీయడం వాడుక. వరసిద్ధి వినాయకుని సన్నిధిలో అబద్ధమాడితే కీడు తప్పదని హిందూ సోదరుల విశ్వాసం. ఆ మాట మాత్రం ఈ పల్లెల్లో మతభేదం లేకుండా అందరి నోటా వినిపిస్తుంది. విడిపోయిన దంపతుల పంచాయితీల్లోనూ అంతే. బిడ్డల ఖర్చు మాట రాగానే "నాకు రాబడి లేదు, ప్రమాణం చేస్తా" అంటాడు ఒక తండ్రి. "మీ అమ్మ మళ్లీ నికాహ్ చేసుకుంది కదా, ఆయన్నే అడగండి" అంటాడు మరొకడు. ఈ మాటల్లో న్యాయం ఎంత?

షరీఅత్‌లో బిడ్డల నఫఖా, అంటే తిండి, బట్ట, నీడ, తండ్రి బాధ్యత. కలిగినవాడు కలిగినంతలో, లేనివాడు ఉన్నంతలో ఖర్చు చేయాలని దివ్య ఖుర్‌ఆన్ తలాఖ్ సూరా బోధిస్తోంది. బిడ్డ కారణంగా తల్లినిగానీ తండ్రినిగానీ కష్టపెట్టరాదని బఖరా సూరా హెచ్చరిస్తోంది. తలాఖ్‌తో భార్యాభర్తల బంధం తెగుతుంది. తండ్రీబిడ్డల బంధం తెగదు.

తల్లి మరో నికాహ్ చేసుకుంటే ఏమవుతుంది? మాజీ భర్త నుంచి ఆమెకు వచ్చే భరణం ఆగిపోతుంది. బిడ్డలది ఆగదు. మారుతండ్రి కువైట్‌లో సంపాదిస్తున్నా, చిత్తూరులో దుకాణం నడుపుతున్నా ఆ బిడ్డలను పోషించే బాధ్యత చట్టం అతనిపై మోపలేదు. దయతో పెడితే అది అతని పుణ్యం. ఆ పుణ్యం చూపి కన్నతండ్రి తన బాకీ ఎగ్గొట్టలేడు.

ఇక తండ్రే మళ్లీ పెళ్లాడితే? కొత్త భార్య ఉద్యోగస్తురాలైతే ఆమె జీతం ఆమెదే. దానిపై భర్తకు షరీఅత్ హక్కు ఇవ్వలేదు. కనుక ఆ జీతాన్ని భర్త రాబడిగా లెక్కించడం సరికాదు. అయితే ఇంటి అద్దె, సరుకులు ఆమె భరిస్తుంటే అతని చేతిలో మిగిలేది పెరుగుతుంది. "కొత్త సంసారంతో చితికిపోయాను" అనే సాకు అప్పుడు నిలవదు. కొత్త భార్యకు పిల్లలు పుట్టినా పాత బిడ్డలు పరాయివారు కారు.

బీహార్‌కు చెందిన నూర్ సబా ఖాతూన్ కేసు ఇలాంటిదే. భర్త ఆమెనూ ముగ్గురు బిడ్డలనూ వెళ్లగొట్టి మరో పెళ్లి చేసుకున్నాడు. మేజిస్ట్రేటు ఒక్కో బిడ్డకు నెలకు 150 రూపాయలు ఇమ్మన్నారు. 1986 చట్టం ప్రకారం బిడ్డకు రెండేళ్లు నిండేవరకే ఇస్తే చాలని హైకోర్టు తీర్పు చెప్పింది. 1997లో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. బిడ్డలు మేజర్లయ్యే వరకు లేదా తమ కాళ్లపై తాము నిలబడే వరకు, ఆడపిల్లలకైతే పెళ్లయ్యే వరకు తండ్రి ఇవ్వవలసిందేనని తేల్చింది.

రాబడి విషయంలో ఇప్పుడు నోటిమాట చాలదు. ఆస్తి, ఆదాయం, అప్పులు, ఆధారపడినవారి వివరాలతో ఇరుపక్షాలూ ప్రమాణపత్రం దాఖలు చేయాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అందులో అబద్ధం రాస్తే కోర్టు చర్య తీసుకోవచ్చు.

పాత 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ అమలులో ఉంది. తల్లి తానుండే ఊరి పరిధిలోని కోర్టులోనే దరఖాస్తు చేసుకోవచ్చు. పరిస్థితులు మారితే మొత్తాన్ని పెంచమనిగానీ తగ్గించమనిగానీ 146వ సెక్షన్ కింద ఎవరైనా కోరవచ్చు. బాకీ పడితే ఏడాదిలోగా వసూలుకు దరఖాస్తు పెట్టాలి. జైలుకెళ్లినంత మాత్రాన బాకీ తీరదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది.

జమాఅత్ పెద్దలకు మా మనవి ఒక్కటే. తలాఖ్, ఖులా కాగితాలు రాసేటప్పుడు మహర్, సామాన్ల లెక్కతో సరిపెట్టకండి. బిడ్డల పేర్లు, నెలకు ఇవ్వవలసిన మొత్తం, ఇవ్వవలసిన తేదీ కూడా రాయించండి. రేపు తల్లి పెళ్లాడినా, తండ్రి పెళ్లాడినా ఆ బిడ్డ బడి ఫీజు కోసం ఇద్దరి గుమ్మాల మధ్య తిరిగే గతి రాకూడదు.