బొమ్మ రాని కంప్యూటరు

పటాన్‌చెరు పారిశ్రామికవాడకు దగ్గరలోనే మా ఇల్లు. ఉద్యోగ విరమణ చేసిన తరువాత, సాయంకాలం పూట ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలకు మా వరండాలో పాఠాలు చెబుతున్నాను. మాకు ఒక పాత కంప్యూటరు ఉన్నది. దానిలో నడిచేది లినక్సు. పిల్లలే రెండేళ్ళపాటు కూర్చుని పదవ తరగతి లెక్కలూ, సైన్సు ప్రశ్నలూ అందులో ఎక్కించారు.

పరీక్షలు పది రోజులున్నాయనగా అది మొరాయించింది. పేరు అడిగింది, పాస్‌వర్డు అడిగింది. సరిగానే ఇచ్చాము. తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్ళీ పేరే అడిగింది! పదిసార్లు చేసినా అంతే.

రిపేరు చేసే ఒకతనికి చూపిస్తే, "అంతా తుడిచేసి కొత్తగా వేయాలి సార్," అన్నాడు. తుడిచేస్తే రెండేళ్ళ కష్టం పోయినట్టే. నకలు తీసి ఉంచమని పిల్లలకు నేనే చెప్పవలసింది, చెప్పలేదు.

అప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, "సార్, పాస్‌వర్డు తప్పయితే తప్పని చెబుతుంది గదా! ఇప్పుడు అట్లా చెప్పలేదంటే, లోపల ఎవరో మేలుకునే ఉన్నారు," అన్నది.

పిల్లలూ, ఆ మాట నిజం. ఎందుకో చూడండి.

కంప్యూటరులో పనులన్నిటినీ నడిపించే మూలభాగాన్ని కెర్నెల్ అంటారు. లినక్సు కెర్నెల్‌ను 1991లో ఫిన్లండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి రాయడం మొదలుపెట్టి, అందరికీ పంచిపెట్టాడు. కాని తెరమీద కిటికీలూ, బొమ్మలూ చూపించడానికి వేరే ప్రోగ్రాములున్నాయి. వాటిలో ఎక్స్ విండో సిస్టమ్ అనేది లినక్సు కన్నా ముందే, 1984లో, అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టింది. ఇవి రెండూ వేరు గనక, బొమ్మ రాకపోయినా లినక్సు పని చేస్తూనే ఉంటుంది.

మన ఫ్యాక్టరీల సంగతే చూడండి. ముందు గేటు తెరుచుకోనంత మాత్రాన లోపల యంత్రాలు ఆగిపోయినట్టు కాదు. పక్కన చిన్న గేటు ఉంటుంది. లినక్సుకూ అటువంటి గేటు ఉన్నది. కంట్రోలు, ఆల్టు, ఎఫ్ 3 అనే మూడు మీటలనూ కలిపి నొక్కాము. నల్లని తెరమీద తెల్లని అక్షరాలు వచ్చాయి. పేరు కొట్టి, పాస్‌వర్డు కొట్టాము. ఇక్కడ పాస్‌వర్డు కొడుతుంటే చుక్క అయినా పడదు. పిల్లలు కంగారుపడ్డారు. ఇతరులు చూసి అక్షరాలు లెక్కపెట్టకుండా ఉండాలని ఆ ఏర్పాటు. లోపలికి వెళ్ళాము!

తరువాత డి, ఎఫ్ అనే రెండక్షరాలు కొట్టి, కొంచెం ఖాళీ విడిచి, ఒక చిన్న గీత, హెచ్ కొట్టి ఎంటరు నొక్కాము. డిస్కు ఎంత నిండిందో చెప్పమని అడగడం అన్నమాట. జవాబు ఏమని వచ్చింది? నూటికి నూరు పాళ్ళూ నిండింది!

గోదాము కప్పుదాకా నిండితే గుమాస్తా కుర్చీ వేసుకోవడానికి కూడా చోటుండదు. అట్లాగే, మనం లోపలికి వచ్చేటప్పుడు బొమ్మలు చూపే ప్రోగ్రాము కొన్ని చిన్న ఫైళ్ళు రాసుకోవాలి. రాసుకునే చోటు లేక అది వెనుదిరిగింది.

ఇంతకీ డిస్కు ఎట్లా నిండింది? పిల్లలు సినిమాలు ఎక్కించి, చూసి, తీసివేశారు. తీసివేసినవి చెత్తబుట్టలో పడ్డాయి. బుట్ట ఖాళీ చేసేదాకా అవి చోటు ఆక్రమించుకునే ఉంటాయి.

అయితే, నల్లని తెరమీద చెరిపినది బుట్టలో పడదు; తిరిగి రాదు. అందుకని మేము పిల్లల ఫైళ్ళ జోలికి పోలేదు. మాది లినక్సులో ఉబుంటు అనే రకం. దానికి "సుడో ఆప్ట్ క్లీన్" అని ఆజ్ఞ ఇచ్చాము. కొత్త ప్రోగ్రాములు వేసేటప్పుడు దిగుమతి అయి, పని తీరాక మిగిలిపోయిన మూటలను అది తీసివేస్తుంది. కొంత చోటు దొరికింది. "సుడో రీబూట్" అన్నాము. కంప్యూటరు ఆగి, మళ్ళీ మొదలయింది. ఈసారి బొమ్మ వచ్చింది! ప్రశ్నలన్నీ భద్రంగా ఉన్నాయి. ముందు వాటిని పెన్‌డ్రైవులోకి నకలు తీసి, ఆ తరువాతనే చెత్తబుట్ట ఖాళీ చేశాము.

ప్రతిసారీ కారణం ఇదే కానక్కరలేదు. ఒక్కొక్కసారి తెరకు బొమ్మను పంపే డ్రైవరు చెడవచ్చు. అయినా, తుడిచివేయకముందు చిన్న గేటు నుంచి వెళ్ళి ఒకమాట అడగడం మంచిది.

మీ ఇంట్లోగాని, బడిలోగాని లినక్సు ఉంటే, అది బాగా ఉన్నప్పుడే, పెద్దవాళ్ళ ఎదుట ఆ మూడు మీటలూ నొక్కి చూడండి. తిరిగి రావడానికి ఎఫ్ 3కి బదులు ఎఫ్ 1, ఎఫ్ 2, ఎఫ్ 7లలో ఏదో ఒకటి పనిచేస్తుంది. దారి ముందే తెలిసి ఉంటే చీకట్లో తడుముకోనక్కర లేదు.