సముద్రపు గడ్డి – లోహవిషము

సముద్రములో పచ్చగా కనబడునదెల్ల నాచేయని మనలో పెక్కుమంది తలంతురు. కాని నాచు వేఱు, సముద్రపు గడ్డి వేఱు. నాచునకు పూవులు లేవు. నిజమైన వేళ్ళును లేవు. సముద్రపు గడ్డికి వేళ్ళు, కాండము, ఆకులు, పూవులు, కాయలు అన్నియు కలవు. దీని పూర్వులు నేలమీద మొలచిన మొక్కలే. కోట్ల సంవత్సరములకు పూర్వము అవి తిరిగి ఉప్పునీటిలోనికి దిగి, అచ్చటనే స్థిరపడినవి. ప్రపంచమంతటను ఇట్టి జాతులు సుమారు 70 మాత్రమే కలవు.

వీనిలో మధ్యధరా సముద్రమునందు మాత్రమే పెరుగు ‘పొసిడోనియా ఓషియానికా’ ముఖ్యమైనది. గ్రీకుల సముద్రదేవుడైన పొసైడన్ పేరే దీనికి వచ్చినది. నీరు తేటగానున్న తావుల ఇది 40 మీటర్ల లోతు వరకును వ్యాపించును. చేపపిల్లలకు ఇది నీడ. తీరమునకు అలల తాకిడినుండి రక్షణ. అయితే నగరములకు, గనులకు, కర్మాగారములకు చేరువగా పెరుగుటచే, మానవుడు వదలు పాదరసము, సీసము, కాడ్మియం, రాగి, జింకు మున్ముందుగా దీని చెంతకే చేరుచున్నవి. ఆ విషమును ఈ మొక్క ఎట్లు ఎదుర్కొనుచున్నది?

పొలములోని పైరు ఖనిజములను ముఖ్యముగా వేళ్ళతో పీల్చును. సముద్రపు గడ్డి వేళ్ళతో బురదనుండియు, ఆకులతో నీటినుండియు పీల్చుకొనును. కనుక లోహములకును రెండు ద్వారములు తెరచియున్నవి. రాగి, జింకు కూరలో ఉప్పువంటివి. కొలదిగానున్న మొక్కకు అవసరము, మితిమీరిన హాని. పాదరసము, సీసము, కాడ్మియం వలన మొక్కకు ఏ ప్రయోజనమును లేదు. విచిత్రమేమన, ‘హాలోఫిలా’ అను చిన్న ఆకుల జాతిపై జరిపిన ప్రయోగములలో సీసము, కాడ్మియం కంటె రాగి, జింకులే కిరణజన్య సంయోగక్రియను ఎక్కువగా దెబ్బతీసినవి. మొక్క తన అవసరముకొరకు తెరచిన వాకిటనే విషమును జొరబడుచున్నదన్నమాట.

మొక్కయు ఊరకుండదు. కొంత లోహమును కణముల గోడలకే కట్టివేయును. లోనికి వచ్చిన లోహమును గంధకముగల చిన్న అణువులు పట్టుకొని, కణములోని ఒక అరలో బంధించును. విషము వలన పుట్టు తీక్ష్ణమైన ప్రాణవాయు రూపములను అణచుటకు ప్రత్యేకమైన ఎంజైములు పనిచేయును. కాని ఈ కాపలాకు ఖర్చు కలదు. ఎదుగుదలకు వినియోగింపవలసిన బలము రక్షణకు వ్యయమగును. అందుచే పైకి పచ్చగా కనబడు గడ్డి లోలోపల క్షీణించుచుండవచ్చును.

ఆకులోని లోహము ఆకుతోనే ఆగిపోదు. ఆ ఆకును మేయు ప్రాణులకును అది చేరును. మన దేశమున పాక్ జలసంధిలోను, మన్నారు సింధుశాఖలోను గడ్డిబయళ్ళు కలవు. సముద్రపు ఆవు అనబడు డ్యూగాంగునకు అదియే మేత. దాని రక్షణకై తమిళనాడు ప్రభుత్వము 2022లో పాక్ అఖాతములో 448 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును కేటాయించినది. అట్టి మేత శుభ్రముగా నుండుటయు ఆ రక్షణలో భాగమే.

తిరిగి పొసిడోనియా కడకు వత్తము. తాటిచెట్టున కమ్మలు రాలినను మట్టల మొదళ్ళు మానుకు అంటియుండును గదా! ఈ గడ్డిలోను ఆకులు రాలిన పిదప వాని మొదళ్ళు కాండమును అంటి సంవత్సరముల తరబడి నిలిచియుండును. వాని మందము సంవత్సరములోని కాలమునుబట్టి మారుటచే, శాస్త్రజ్ఞులు వానిని వరుసగా లెక్కించి ఏ మొదలు ఏ సంవత్సరమునదో చెప్పగలరు. ఒక్కొక్కదానిలోని పాదరసమును కొలిచి, ఏయే సంవత్సరమున నీరు ఎంత కలుషితమైనదో గ్రహించుచున్నారు.

కార్సికా ద్వీపమునందలి కనారీ వద్ద ఒక ఆస్‌బెస్టాస్ గని యుండెడిది. దాని వ్యర్థములను సముద్రములో పోసిరి. గని 1965లో మూతపడినది. అయినను దశాబ్దముల తరువాత ఆ ప్రాంతపు గడ్డిలో కోబాల్టు, క్రోమియం, నికెలు అధికముగా కనబడినవి. గని మూసినంతమాత్రమున దాని ఋణము తీరలేదు.

మరియొక సాక్ష్యము ఇంతకంటె ప్రాచీనము. ఈ గడ్డి కాండములు, వేళ్ళు, ఇసుక పెనవేసికొని మీటర్ల మందమున గట్టి పొరయై పేరుకొనును. స్పెయినులోని పోర్ట్‌ల్యిగాట్ అఖాతమున అట్టి పొరను నిలువునా తొలిచి తీసి పరీక్షింపగా, సుమారు 4,500 సంవత్సరముల చరిత్ర బయటపడినది. రోమనులు గనులు త్రవ్విన నాటి లోహముల జాడలును అందు కలవు. రెండువేల సంవత్సరములుగా ఆ విషమును గడ్డి తన అడుగున అదిమిపట్టి యుంచినది.

ఇచ్చటనే మనము గమనింపవలసిన విషయము కలదు. కుళ్ళిన వస్తువు కాలక్రమమున మట్టియగును. లోహము అట్లు నశింపదు. సముద్రపు గడ్డి దానిని రూపుమాపుట లేదు, దాచుచున్నది మాత్రమే. గడ్డి బ్రదికియున్నంతవరకే ఆ దాపరికము పదిలము. నౌకల లంగరులు, అడుగును ఈడ్చు వలలు ఆ పొరను చీల్చినచో, ఇసుక కదలి, అణగియున్న లోహములు తిరిగి నీటిలో కలియు ప్రమాదము కలదు. కోసిన గడ్డి వలె ఇది నెలలో చిగిర్చునది కాదు. నిలువుగా సంవత్సరమునకు సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే ఎదుగును. అందుచేతనే ఐరోపా దేశములు 1992లో ఈ గడ్డిబయళ్ళకు చట్టరక్షణ కల్పించినవి. 2018లో స్పెయినుకు చెందిన బలేరిక్ ద్వీపముల ప్రభుత్వము, 2019లో ఫ్రాన్సు అధికారులు లంగరు వేయుటపై నిర్బంధములు విధించిరి.

ఇంటిలో పాతబడిన బ్యాటరీని, పగిలిన పాదరసపు జ్వరమానినిని మురుగుకాలువలో పడవేయునపుడు అది మన కంటికి మరుగగును. అంతియే గాని లోకమునుండి తొలగిపోదు. కాలువ ఏటికిని, ఏరు సముద్రమునకును దానిని చేర్చును. అచ్చట నోరులేని గడ్డి దానిని తన ఒడిలో దాచుకొనును. ఆ గడ్డి ఎంత భారము మోయగలదో పరీక్షించుటకంటె, ఆ భారమును దానిపై మోపకుండుటయే మనకు శ్రేయస్కరము.